ఫుట్‌బాల్ రహీం మాస్టారు

స్వర్ణోత్సవ సంచిక కోసం ఒక ప్రముఖుడి జీవితం రాసివ్వమని కమిటీ మిత్రులు అడిగారు. కాటన్ దొర గురించీ, వీరేశలింగం పంతులు గారి గురించీ రాయగలవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో చాలామందే ఉన్నారు. నేను 1978లో ఈ బడిలోనే పదో తరగతి పాసై, ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు వేరే వేరే ఊళ్లలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ని. కాబట్టి ఆటల మనిషి గురించే రాస్తాను. ఆయన మన గోదావరి జిల్లాల వాడు కాదు, హైదరాబాదు వాడు. ఆయన ఆడించిన ఆట కూడా మన వైపు పిల్లలు పెద్దగా ఆడని ఫుట్‌బాల్. అయినా ఆయన్నే ఎంచుకున్నాను. ఒక ఆట ఒక ఊళ్లో ఎందుకు పుంజుకుంటుంది, ఎందుకు పోతుంది అన్నది నన్ను నా సర్వీసంతా వేధించిన ప్రశ్న. దానికి ఆయన జీవితంలో దొరికినంత జవాబు నాకు మరెక్కడా దొరకలేదు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ఆయన మీద ‘మైదాన్’ అని ఒక హిందీ సినిమా వచ్చింది కాబట్టి, భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా ఆయన్ని మన పిల్లలు కొందరు ఎరుగుదురు. ఆయన అసలు బడిపంతులు అన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. హైదరాబాదులో అందరూ రహీం సాబ్ అనేవారు. మన గోదావరి అలవాటు కొద్దీ నేను రహీం మాస్టారు అంటాను.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడే యూనివర్సిటీ జట్టుకు ఆడి మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నారు. చదువయ్యాక పట్నంలోని క్లబ్బులకు ఆడుతూనే బళ్లో ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవీ ఆయన పాఠం చెప్పిన బళ్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బళ్లలో ఆటల బాధ్యత చూశారు. డిగ్రీ చదివిన పంతులు కోరి ఆటల వైపు రావడం అంటే ఏమిటో మా వృత్తిలో వాళ్లకు తెలుసు. స్టాఫ్ రూములో డ్రిల్లు మాస్టారు కుర్చీ ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఉంటుంది. ప్రార్థన దగ్గర వరస నిలబెట్టడానికీ, పరీక్షల రోజుల్లో పిరియడ్ అరువిచ్చుకోవడానికీ గుర్తొచ్చే మనిషి ఆయన. రహీం మాస్టారి రోజుల్లో హైదరాబాదులో ఇంతకన్నా గొప్పగా ఉండి ఉంటుందని నేను అనుకోను.

ఆయన కుర్రతనం నాటికే హైదరాబాదులో ఫుట్‌బాల్ ఉంది. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్లలో తెల్లవాళ్ల పటాలాలు ఆడుతుంటే చూసి చుట్టుపక్కల బస్తీల కుర్రాళ్లు నేర్చుకున్నారు. బూట్లు లేవు, ఉత్త కాళ్లతోనే ఆట. బంతి ఒకటి, మైదానం ఒకటి ఉంటే చాలు. పేదవాడు ఆడుకోగలిగిన ఆట అది. కాలికి బంతి అతికించుకుని నలుగురిని దాటుకుపోగలిగినవాడే ఆ రోజుల్లో మొనగాడు. చూసేవాళ్లూ దానికే చప్పట్లు కొట్టేవారు.

రహీం మాస్టారు 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఆ హోదాతో ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది పెద్ద కప్పులు గెలిపించడం కాదు, చిన్నపిల్లలకు పెట్టిన వింత వింత పోటీలు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే తన్నాలి, అంటే కుడికాలి వాటం వాడు ఎడమ కాలు వాడాలి. మరొకటి ఎత్తు కొలిచి పెట్టే పోటీ, నిర్ణయించిన గీత కంటే పొడుగున్న కుర్రాడికి అందులో చోటు లేదు.

చదివి ఊరుకుంటే ఇవి తమాషా నిబంధనల్లా కనిపిస్తాయి. పిల్లల్ని ఆడించినవాడికి వాటి లోతు తెలుస్తుంది. బళ్లో ఏ జట్టులోనైనా త్వరగా ఎదిగిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లుంటారు. బంతి వాళ్ల దగ్గరే తిరుగుతుంది. మిగతావాళ్లు చుట్టూ పరుగెత్తి ఆయాసపడి ఇంటికి పోతారు, నెల తిరిగేసరికి మైదానం వైపు రావడం మానేస్తారు. ఎత్తు గీత పెడితే పొట్టివాడికి బంతి అందుతుంది. డ్రిబ్లింగ్ వద్దంటే పక్కవాడు ఎక్కడున్నాడో తలెత్తి చూడక తప్పదు. రెండో కాలు వాడమంటే జట్టులోని మొనగాడు కూడా ఆ పూటకి అందరితో సమానమైపోతాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వకుండా నిబంధనతోనే పాఠం చెప్పారాయన. లెక్కల మాస్టారు తేలిక లెక్క నుంచి కష్టం లెక్కకు ఒక్కో మెట్టూ ఎక్కించినట్టు ఉంటుంది ఆ పద్ధతి. పిల్లలు నేర్చుకున్నదే పెద్దల జట్టులో ఫలించింది. ఒకరి దగ్గర ఆగకుండా, నేల మీదే, త్వరత్వరగా బంతి అందించుకునే ఆట హైదరాబాదు ముద్ర అయింది. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ఆడి లోకానికి చూపించిన 4-2-4 పద్ధతి లాంటిది రహీం మాస్టారు అంతకు ముందే మన జట్టు చేత ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

పిల్లలు ఆట నేర్చుకున్నారు సరే, ఇరవై ఏళ్లు వచ్చాక ఏం తిని ఆడాలి? దీనికి హైదరాబాదులో దొరికిన సమాధానం సిటీ పోలీసు జట్టు. ఆటొస్తే కానిస్టేబుల్ ఉద్యోగం, నెల జీతం. బస్తీలో ఒక తల్లి కొడుకుని మైదానానికి పంపడానికి అంతకన్నా భరోసా అక్కర్లేదు. రహీం మాస్టారు ఆ జట్టుకు కోచ్‌గా ఉండగా 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు కూడా ఆయన కాలంలో నాలుగుసార్లు గెలిచారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి కలకత్తా మహాజట్లు హైదరాబాదు పోలీసులంటే జంకేవి. 1956-57, 1957-58 సంవత్సరాల్లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని రెండుసార్లు వరసగా హైదరాబాద్ జట్టు తెచ్చుకుంది.

శిక్షణ కోసం నేను హైదరాబాదులో ఉన్న ఏడాది, ఇరానీ హోటల్లో పాత ఆటగాళ్లు చెప్పుకునే కబుర్లలో తులసీదాస్ బలరాం పేరు ఎక్కువగా వినపడేది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రాడు. ఆట చూసి రహీం మాస్టారు ప్రాక్టీసుకు రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి దారి ఖర్చు లేదన్నాడట. సైకిలు అద్దెకు డబ్బు తానే సర్దారట మాస్టారు. అదే బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు, 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు.

భారత జట్టుతో ఆయన ప్రయాణం చాలామంది రాసిందే కాబట్టి ముక్తసరిగా చెబుతాను. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో బంగారు పతకం, ఆ గోల్ మేవాలాల్‌ది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్త కాళ్లతోనే ఆడారు. ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం కోసం బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగి వచ్చాం. ఆ జట్టులో హైదరాబాదు కుర్రాళ్లే ఒక గుంపు ఉన్నారు: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. ఒక్క నగరం నుంచి అంతమంది. 1960లో రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1 డ్రా. మాస్టారి కొడుకు హకీం కూడా ఆ జట్టులో సభ్యుడు.

సరిగ్గా ఆ రోజుల్లో మన డెల్టాలో పిల్లలు ఏం ఆడుతున్నారు? మా నాన్నగారి తరం, మా తరం చెప్పే మాట ఒకటే. చెడుగుడు, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్. ఫుట్‌బాల్ బంతి ఒకటి బడి బీరువాలో గాలి పోయి పడి ఉండేది, పంద్రాగస్టుకు మాత్రమే బయటికి వచ్చేది. మన పిల్లలకు కాళ్లల్లో సత్తువ లేక కాదు. దీనికి నేను వేసుకున్న లెక్క ఒకటుంది, భూమి లెక్క. గోదావరి వాళ్లకు గజాల కంటే సెంట్లే బాగా అర్థమవుతాయి కాబట్టి సెంట్లలోనే చెబుతాను. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు పొడవు, 9 మీటర్లు వెడల్పు, అంటే నాలుగు సెంట్లు. కబడ్డీ కోర్టు మూడు సెంట్ల పైచిలుకు. అయిదుగురేసి ఆడే బాల్ బ్యాడ్మింటన్‌కు ఏడు సెంట్లు. ఫుట్‌బాల్ మైదానానికి నూట డెబ్బై సెంట్ల పైమాటే, ఎకరం ముప్పాతిక. ఆనకట్ట నీళ్లు పారే డెల్టాలో ఎకరం ముప్పాతిక మాగాణి పిల్లల ఆటకు ఎవరు వదులుతారు? సార్వా కోశాక నారు మళ్లీ సిద్ధం, వెనకే దాళ్వా. కాలవలు కట్టేశాక ఎండాకాలంలో మిగిలే కొన్ని వారాలే చేలు ఖాళీ. కొబ్బరితోటలో చెట్ల వరసల మధ్య, రామాలయం వెనకాల, రైసుమిల్లు కళ్లంలో నాలుగు సెంట్లు దొరికితే చాలు, రెండు సరుగుడు బాదులు పాతి వల కట్టేవాళ్లం. వాలీబాల్ మన ఆట అయింది అలాగే.

ఆటల పటం దేశమంతటా ఇలాగే గీయబడింది. పంజాబులో హోషియార్‌పూర్ జిల్లా మాహిల్‌పూర్ ఫుట్‌బాల్‌కు పేరు మోసింది, ఎందుకంటే అక్కడి బడీ కాలేజీ పట్టుబట్టి ఆడించాయి. కేరళలో మలప్పురం జిల్లావాళ్లు కోత అయిన పొలాల్లోనే ఏడుగురేసి ఆడే సెవెన్స్ పోటీలు పెట్టుకుంటారు, స్థలం సరిపోకపోతే జట్టు సంఖ్యనే తగ్గించుకున్నారన్నమాట. ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో పిల్లలు హాకీ కర్రతోనే పెరుగుతారు. మిజోరాంలో కొండల మీద చదునైన జాగా దొరకడమే గగనం, అయినా 2014లో వాళ్లు సంతోష్ ట్రోఫీ గెలిచారు, 2016-17లో ఐజ్వాల్ క్లబ్బు ఐ-లీగ్ గెలిచింది. కాబట్టి నా సెంట్ల లెక్క ఒక్కటే చాలదని ఒప్పుకోవాలి. భూమితో పాటు ఆడించే మనిషి ఒకడుండాలి.

గొప్ప ఆటగాడు పుడితే ఆ ప్రాంతమంతా ఆ ఆట వ్యాపిస్తుందని కొందరంటారు. అది నేను నమ్మను. భారత క్రికెట్ జట్టుకు 1932లో మొట్టమొదటి టెస్టు కెప్టెన్ సి.కె.నాయుడు తెలుగువాడు. పుట్టింది నాగపూర్‌లో అయినా, వాళ్ల కుటుంబం మూలాలు మన పక్కనున్న బందరులోనే. 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ ఆడినప్పుడు దానికి కెప్టెన్ కూడా ఆయనే. అంతటివాడు ఉండి కూడా మరో ముప్పై ఏళ్ల దాకా డెల్టా పల్లెల్లో క్రికెట్ పెద్దగా కనిపించలేదు. మళ్లీ ఆట తెలియని ఊరికి రహీం మాస్టారి లాంటి పంతులు ఒకడు వస్తే పదేళ్లలో జట్టు తయారవుతుంది. నా సర్వీసులో ఇది కళ్లారా చూశాను. ఒక మండలంలో ఖోఖో, పక్క మండలంలో వాలీబాల్, ఆ పక్క మండలంలో ఏమీ లేకపోవడం. తేడా ఎక్కడుందా అని వెళ్లి చూస్తే ఆ బడి డ్రిల్లు మాస్టారిలోనే ఉండేది. ఆయన బదిలీ అయితే రెండేళ్లలో ఆ ఆటా బదిలీ అయిపోయేది.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడల నాటికి రహీం మాస్టారికి క్యాన్సర్. ఆ ఒంటితోనే జట్టుతో ఇండొనేషియా వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 గెలిచారు. వెనక కాపు కాసే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మరొకరైతే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. మాస్టారు అతన్ని తీసుకెళ్లి ముందు వరసలో గోల్స్ కొట్టే చోట నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపులో ఒక గోల్ జర్నైల్‌ది. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురు. క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని భారత ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. స్టేడియమంతా మనకు ఎదురు. పి.కె.బెనర్జీ ఒకటి, కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్ ఒకటి కొట్టి 2-1తో గెలిపించారు. కెప్టెన్ చునీ గోస్వామి, గోల్ దగ్గర పీటర్ తంగరాజ్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం మనకు మళ్లీ ఇప్పటిదాకా రాలేదు.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, యాభై నాలుగేళ్లు నిండకుండానే రహీం మాస్టారు పోయారు.

హైదరాబాదు ఫుట్‌బాల్ ఆ రోజే పోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆయన పోయిన మూడేళ్లలోపు వచ్చిన గెలుపు కనుక అది కూడా ఆయన పంటే అంటాను. తెలుగు నేలకు ఆ ట్రోఫీ మళ్లీ రాలేదు. క్షీణత ఆయన బతికుండగానే ఒక వైపు నుంచి మొదలైంది. కలకత్తా క్లబ్బులు మంచి ఆటగాళ్లను పిలుచుకుపోయేవి, బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఆయన ఉన్నన్నాళ్లు పోయినవాడి చోట మరో కుర్రాడు బడి పోటీల నుంచి వచ్చేవాడు. ఆయన తర్వాత పిల్లల పోటీలు ఒకటొకటే ఆగాయి. పైనుంచి తోడుకుంటూ పోతే, కింద ఊట ఆగాక, బావి ఎన్నాళ్లు ఉంటుంది? మైదానాలు కట్టడాల పాలయ్యాయి. పోలీసు ఉద్యోగాల్లో ఆటగాళ్ల భర్తీ తగ్గింది. నేను చూసిన 1980ల హైదరాబాదులో బస్తీ కుర్రాళ్ల చేతుల్లో అప్పటికే బ్యాట్లు ఉన్నాయి. ఈమధ్య 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు ఐఎస్ఎల్ విజేత అయింది. సంతోషమే. ఆ జట్టులో హైదరాబాదు బస్తీల పిల్లల కోసం వెతికితే మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా కష్టం.

మన వైపూ కథ వేరుగా లేదు. 1983లో కపిల్ దేవ్ జట్టు కప్పు గెలిచింది. ఆ వెనకే ఊళ్లకు దూరదర్శన్ టీవీలు వచ్చాయి. పంచాయతీ ఆఫీసు ముందు టీవీ పెట్టిన ఏడాదే వాలీబాల్ వల దగ్గర పిల్లలు పల్చబడ్డారు. క్రికెట్‌కు మూడు ఎకరాలు కావాలి గదా, నీ సెంట్ల లెక్క ఏమైందని మీరు అడగొచ్చు. పిల్లలు దానికి ఉపాయం కనిపెట్టారు. సందులో, డాబా మీద, గోడకు బొగ్గుతో మూడు గీతలు గీసి ఆడేశారు. మలప్పురం వాళ్లు ఫుట్‌బాల్‌ను కుదించినట్టు మన పిల్లలు క్రికెట్‌ను కుదించుకున్నారు. అందులో నాకు తప్పేమీ కనిపించదు. నాకున్న ఇబ్బంది ఒక్కటే. సందు క్రికెట్‌లో పదిమందిలో ఇద్దరికే పని, మిగతావాళ్లు తమ వంతు కోసం కాసుకుని నిలబడాలి.

తర్వాత భీమవరం చుట్టుపక్కల చేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. ఎండాకాలంలో దొరికే ఆ కొద్దిపాటి ఖాళీ కూడా పోయింది. మూడంతస్తుల మేడలో బడులు వచ్చాయి. వాటిలో ఆటల పిరియడ్ టైంటేబుల్ మీద ఉంటుంది, ఆడే చోటు ఉండదు. 2014లో ప్రో కబడ్డీ టీవీలో మొదలయ్యాక మాత్రం ఒక విచిత్రం జరిగింది. చెడుగుడు అని ముక్కు విరిచిన ఇళ్లలోనే పిల్లలకు కబడ్డీ బనియన్లు కొనిపెట్టారు. అయితే చూసేవాళ్లు పెరిగినంతగా ఆడేవాళ్లు పెరగలేదు.

రహీం మాస్టారి పోటీల సంగతి తెలిసినప్పటి నుంచి నేను పనిచేసిన బళ్లలో వాటిని వాలీబాల్‌కు అమర్చి చూశాను. 6 నుంచి 8వ తరగతి పిల్లలకు స్మాష్ నిషేధం. బంతి మూడుసార్లు, ముగ్గురు వేరు వేరు పిల్లల చేతులకు తగిలాకే అవతలికి పోవాలి. ఒక రోజు సర్వీసు ఎడమ చేత్తో మాత్రమే. వరండా స్తంభం మీద సుద్దతో 4 అడుగుల 10 అంగుళాల దగ్గర గీత, దాని కింద పట్టే తలలకే ప్రవేశం. మొదటి వారం పిల్లలు గొడవ పెట్టారు. స్మాష్ లేకపోతే అది వాలీబాల్ ఏమిటని పొడుగు కుర్రాళ్ల తండ్రులు కూడా వచ్చి అడిగారు. రెండో నెలకి, అంతవరకు కోర్టు బయట చెప్పులు కాపలా కాసిన పిల్లలు లోపల ఉన్నారు. వాళ్లలో ఇద్దరు తర్వాత జిల్లా జట్టుకు ఆడారు. అందరూ ఆడలేదు, ఆడాలని కూడా నేను అనుకోలేదు.

మన సంఘం స్వర్ణోత్సవ నిధిని దేనికి వాడాలన్న చర్చ ఈ సంచిక అచ్చయ్యే నాటికి ఇంకా సాగుతోంది. బడికి ముఖద్వారం కట్టించాలని కొందరు, ఆరో తరగతి గదులకు టైల్స్ వేయించాలని కొందరు. రెండూ మంచివే. నా చీటీలో నేను రాసినది వేరు: తూర్పు ప్రహరీ పక్కన తుప్పలు పెరిగిన ఇరవై సెంట్ల జాగా. దాన్ని ఎత్తు చేసి చదును చేయిస్తే రెండు వాలీబాల్ కోర్టులు, ఒక కబడ్డీ కోర్టు వస్తాయి. వానాకాలం నీళ్లు నిలవకుండా గరపమట్టి తోలించాలి, అదే అసలు ఖర్చు. వలలు, బంతులు, సున్నం లెక్కలోకి రావు.

నిధి ఎటు పోయినా, వచ్చే వేసవిలో కాలవ కట్టేసిన మొదటి ఆదివారం నుంచి పది రోజులు పాత కోర్టులోనే పైన చెప్పిన నిబంధనలతో పిల్లల పోటీ పెడుతున్నాను. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు జట్లు, ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా. హెడ్‌మాస్టారు గారు ఒప్పుకున్నారు. మీ పిల్లలు గానీ మనవలు గానీ ఆ గీత కింద పట్టేవాళ్లుంటే సెలవులివ్వకముందే బడి ఆఫీసులో పేరు రాయించండి. స్కోరు రాసిపెట్టడానికి పూర్వ విద్యార్థులు ఇద్దరు కావాలి.